కొండపల్లిలో పిట్టల వాక్: మూడు వందలు గిట్టాయా లేదా?

నమస్తే అండి. మొన్న ఆదివారం తెల్లారకుండా లేచి విజయవాడ నుంచి కొండపల్లి ఖిల్లా దారికి వెళ్లాం. పిట్టల్ని చూపిస్తామని మనిషికి 300 కట్టించుకున్నారు, అందుకే ఈ రివ్యూ. ఎవరు పెట్టారో పేరు చెప్పను, కామెంట్లలో అడగొద్దు.

టైమింగ్‌కి మాత్రం ఫుల్ మార్కులు. మార్చి నెలాఖరంటే, చలికాలం మన దగ్గర గడిపిన పిట్టలు తిరుగుప్రయాణం కట్టే రోజులు. ఒక మోదుగు చెట్టు, ఆకు లేదు, అంతా పువ్వే, దాని నిండా గులాబీ గోరింకలు. తల నల్లన, ఒళ్లు లేత గులాబీ. పువ్వులో ముక్కు దూర్చి తేనె తాగి తల పైకెత్తితే నుదుటి మీద పుప్పొడి, అచ్చం పసుపు రాసుకున్నట్టు! ఇవి మధ్య ఆసియా దాకా పోయి గుడ్లు పెడతాయి. జొన్నచేల మీద పడతాయని మనవాళ్లు వీటిని తోలేస్తారు కదా, చైనాలోని షింజియాంగ్‌లో అయితే మిడతల్ని తింటాయని పనిగట్టుకుని గూళ్లు కట్టిస్తారు.

ఇక గొడవ ఇక్కడే. మేం మొత్తం 28 మందిమి! ముందున్న ఐదుగురు పిట్టను చూస్తే, వెనకున్న మేం వాళ్ల టోపీలు చూశాం. పొదలో "చక్, చక్" అని ఒకటి అరుస్తోంది, బ్లైత్స్ రీడ్ వార్బ్లర్ అట, పది గ్రాములు అటూ ఇటూ ఉండే గోధుమరంగు పిట్ట, రాత్రిళ్లు ఎగురుతూ ఖండం దాటేస్తుంది. అది కనపడట్లేదని మా గైడ్ జేబులోంచి బ్లూటూత్ స్పీకర్ తీసి దాని పాటే పెట్టాడు. వచ్చింది పాపం, ఇంకో మగపిట్ట తన చోటికి వచ్చిందనుకుని కొమ్మ కొమ్మకీ వెతుక్కుంది. ప్రయాణానికి కొవ్వు దాచుకోవాల్సిన రోజుల్లో దాన్ని అలా తిప్పడం నాకు నచ్చలేదు, మొహం మీదే చెప్పాను. ఆయన నవ్వేసి ఇంకోసారి పెట్టాడు.

స్పీకర్ ఆపాక, మావాళ్లు ఇడ్లీ పొట్లాల మీద పడ్డ టైమ్‌లో, నేనూ మా బావా ఆ పొద దగ్గరే కూర్చున్నాం. ఓ పది నిమిషాలకి అదే బయటికొచ్చి పురుగు పట్టుకుంది. కంటి మీద సన్నటి తెల్ల గీత కూడా కనపడింది.

నా రేటింగ్ ఐదుకి రెండున్నర, ఆ రెండున్నరా గోరింకలవే. మీరు బుక్ చేసే ముందు ఎంతమందిని తీసుకెళ్తున్నారో, స్పీకర్ వాడతారో లేదో ఫోన్ చేసి అడగండి. నీళ్ల బాటిల్ మర్చిపోవద్దు, తొమ్మిదికే ఎండ మాడ్చేసింది.