సీఏ-125 ఎక్కువ వచ్చిందా? ముందు ఇది వినండి

నమస్కారం. ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీల్లో ఈమధ్య సీఏ-125 అనే రక్తపరీక్షను కూడా చేర్చేస్తున్నారు. రిపోర్టు నేరుగా ఫోనుకు వస్తుంది. అందులో 62 అని ముదురు అక్షరాలు, పక్కనే 'సాధారణం: 35 లోపు'. అడుగుదామంటే ఎదురుగా డాక్టరు ఉండరు. ఫోనులోనే వెతికితే మొదట కనిపించే మాట అండాశయ క్యాన్సర్. ఇక ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ కంటి మీద కునుకుండదు.

సీఏ-125 ఒక ప్రొటీన్. క్యాన్సర్ కణాలే కాదు, గర్భాశయం లోపలి పొర, పొట్ట లోపలి పొర, ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొర కూడా దాన్ని తయారుచేస్తాయి. వీటిలో ఎక్కడ వాపు వచ్చినా అంకె పెరగవచ్చు. నెలసరి రోజుల్లో రక్తమిస్తే పెరగవచ్చు. గర్భం తొలి నెలల్లో, ఫైబ్రాయిడ్లు (గర్భాశయంలో క్యాన్సర్ కాని గడ్డలు), ఎండోమెట్రియోసిస్ (గర్భాశయం లోపలి పొరలాంటిది బయట పెరిగే జబ్బు) ఉన్నప్పుడు పెరగవచ్చు. లివర్ దెబ్బతిని పొట్టలో నీరు చేరితే మగవారిలోనూ పెరుగుతుంది!

మన దేశంలో తప్పక గుర్తుంచుకోవలసింది పొట్టలో వచ్చే టీబీ. పొట్ట ఉబ్బుతుంది, నీరు చేరుతుంది, మనిషి చిక్కిపోతారు, సీఏ-125 వందల్లోకి వెళుతుంది. స్కానింగులోనూ అచ్చం అండాశయ క్యాన్సర్‌లాగే కనిపించవచ్చు. క్యాన్సరని ఆపరేషన్ చేసి, ముక్క తీసి పరీక్షకు పంపాక టీబీ అని తేలినవారు ఎందరో ఉన్నారు. సాధారణంగా 6 నెలల మందులతో నయమయ్యే జబ్బు అది.

పోనీ, అంకె 20 వస్తే నిశ్చింతేనా? అదీ కాదు. తొలి దశ అండాశయ క్యాన్సర్లలో దాదాపు సగం మందికి ఇది పెరగదు. బ్రిటన్‌లో 2 లక్షలకు పైగా మహిళలతో ఏళ్ల తరబడి అధ్యయనం చేశారు. ఏ లక్షణాలూ లేనివారికి ఈ పరీక్షతో జల్లెడ పట్టినా మరణాలు తగ్గలేదని 2021లో తేల్చారు. అందుకే దీన్ని అందరి ప్యాకేజీలో పెట్టడం నాకు వ్యాపారంగానే కనిపిస్తుంది. క్యాన్సర్ నిర్ధారణ అయినవారికి చికిత్స పనిచేస్తోందా, జబ్బు తిరగబెట్టిందా అని చూడడానికి మాత్రం ఇది బాగా ఉపయోగపడుతుంది. అప్పుడు ప్రతిసారీ ఒకే ల్యాబులో చేయించుకోవాలి.

నెలసరి ఆగిపోయినవారిలో 35 దాటితే తేలిగ్గా తీసుకోకూడదు. కొన్ని వారాలుగా పొట్ట ఉబ్బరంగా ఉన్నా, నాలుగు ముద్దలకే కడుపు నిండుతున్నా, మూత్రానికి మాటిమాటికీ వెళుతున్నా, అంకె ఎంతైనా సరే గైనకాలజిస్టుకు చూపించండి. సాధారణంగా ముందు అల్ట్రాసౌండ్ చేయిస్తారు, అవసరమైతే కొన్ని వారాల తర్వాత రక్తపరీక్ష మళ్లీ చేయిస్తారు. వెళ్లేటప్పుడు రిపోర్టు మీద రక్తమిచ్చిన తేదీ, దాని పక్కన మీ చివరి నెలసరి తేదీ రాసుకుని వెళ్లండి.