పెద్ద నగరానికి వెళ్తున్నారా? లిస్టు పక్కన పెట్టి ముందు మ్యాప్ తెరవండి

నమస్తే అండి. పెద్ద నగరానికి రెండు మూడు రోజులకి వెళ్లినప్పుడు రోజును ఎలా పంచుకోవాలో ఈ వీడియోలో చూద్దాం. "తప్పక చూడాల్సిన ఇరవై చోట్లు" అంటూ నెట్‌లో లిస్టులు బోలెడు దొరుకుతాయి. వాటితో చిక్కేమిటంటే, అవి చోటుకి ఎంత పేరుందో దాన్ని బట్టి వరస పెడతాయి గానీ దూరాన్ని బట్టి కాదు. ఒకటో నంబరు ఊరికి ఈ కొసన, రెండోది ఆ కొసన ఉంటుంది. ఆ వరసలో తిరిగితే సగం రోజు రైళ్లలోనే గడిచిపోతుంది.

స్క్రీన్ మీద చూడండి. గూగుల్ మ్యాప్స్‌లో చోటు పేరు వెతికి 'సేవ్' నొక్కండి. నగరం పేరుతో కొత్త లిస్టు పెట్టుకుని, మీకు నచ్చినవన్నీ అందులో వేయండి. పదిహేనైనా ఇరవైనా పర్వాలేదు, ఏరివేత తర్వాత చేద్దాం. కానీ ప్రతిదానికీ నోట్‌లో మూడు సంగతులు మాత్రం రాసి పెట్టండి: వారంలో సెలవు ఏ రోజు, చివరి ప్రవేశం ఎన్నింటికి, టికెట్ ముందే తీసుకోవాలా. సెలవు రోజు అన్ని చోట్లా సోమవారమే అనుకోకండి. ప్యారిస్‌లో లూవ్రకు మంగళవారం సెలవు, అదే ఊళ్లో ఓర్సే మ్యూజియానికి సోమవారం. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి బుధవారం. గేటు దాకా వెళ్లాక ఈ సంగతి తెలిస్తే ఆ పూట పోయినట్టే.

ఇప్పుడు జూమ్ తగ్గించి మ్యాప్ మొత్తం ఒకసారి చూడండి. గుర్తులన్నీ మూడు నాలుగు గుంపులుగా కనిపిస్తాయి. ఒక గుంపుకి ఒక పూట, పెద్ద గుంపయితే ఒక రోజు. ఎక్కడో దూరంగా ఒంటరిగా ఒక గుర్తు మిగులుతుంది చూశారా, ఏరివేత దానితోనే మొదలుపెట్టండి. దాని కోసం పూట మొత్తం ఇవ్వడానికి సిద్ధమైతేనే ఉంచండి, లేకపోతే తీసేయండి. రోజుకి రెండు పెద్దవి, ఒక చిన్నది చాలు. ఇది మరీ తక్కువ అనిపిస్తుంది, అందుకని లెక్క చూపిస్తాను. మామూలు నడక గంటకి నాలుగైదు కిలోమీటర్లు. అటూ ఇటూ చూస్తూ, ఫొటోలు తీస్తూ నడిస్తే మూడుకి పడిపోతుంది. పెద్ద మ్యూజియం లోపలే రెండు మూడు కిలోమీటర్లు తిరుగుతారు. సాయంత్రానికి పదిహేను వేల అడుగులంటే దాదాపు పది కిలోమీటర్లు. మూడో పెద్ద చోటికి చేరేసరికి కాళ్లు లాగేస్తుంటాయి, చూడటానికి ఓపిక ఉండదు.

అదే యాప్‌లో ఇంకో పని ఉంది. మీ ప్రొఫైల్ బొమ్మ నొక్కి 'ఆఫ్‌లైన్ మ్యాప్స్'లోకి వెళ్లి, నగరం అంతా చతురస్రంలో పట్టేలా సరిచేసి డౌన్‌లోడ్ చేయండి. వైఫై ఉన్నప్పుడే చేసేయండి. దీని మీద మరీ భరోసా పెట్టుకోకండి. నెట్ లేకపోయినా మీరున్న చోటు కనిపిస్తుంది, వీధులు కనిపిస్తాయి, కారు దారి చెబుతుంది. నడక దారి, బస్సు, రైలు వివరాలు మాత్రం ఆఫ్‌లైన్‌లో రావు. కాబట్టి మర్నాటి రైలు మార్గాలు ముందురోజు రాత్రే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. మరొకటి, ఎత్తైన భవనాల మధ్య జీపీఎస్ సిగ్నల్ గోడలకి తగిలి వస్తుంది, దాంతో మీరున్న చోటు చూపే నీలం చుక్క పక్క వీధిలోకి దూకేస్తుంది. అక్కడ చుక్కను నమ్మకండి, మూల మీది వీధి బోర్డు చూడండి.

ఇక మెట్రో. చాలామంది పొరపాటు పడేది మెట్రో మ్యాప్ దగ్గరే. ఆ మ్యాప్‌లో గీత పొడవుకీ అసలు దూరానికీ సంబంధం ఉండదు. లండన్ కోసం హ్యారీ బెక్ 1931లో గీసి, 1933లో జనానికి అందిన మ్యాప్ ఈ తరహాకి దారి చూపింది. ఏ స్టేషన్ తర్వాత ఏది, ఎక్కడ మారాలి అన్నది తేలిగ్గా తెలియడమే దాని ఉద్దేశం. అందుకని పక్కపక్క స్టేషన్లన్నీ సమాన దూరంలో ఉన్నట్టే కనిపిస్తాయి. లండన్‌లో లెస్టర్ స్క్వేర్ నుంచి కోవెంట్ గార్డెన్ సుమారు 260 మీటర్లే. కిందికి దిగి, రైలు కోసం ఆగి, ఎక్కి, మళ్లీ పైకి వచ్చేలోపు నడిచి వెళ్లి వెనక్కి కూడా రావచ్చు. ఒకటి రెండు స్టేషన్ల దూరమైతే ముందు నడక సమయం చూడండి. పదిహేను నిమిషాల లోపు ఉంటే నడవడమే మేలు, పైగా వీధులు చూసినట్టూ అవుతుంది.

రైలే ఎక్కాల్సి వస్తే, మీ టైమ్ లెక్కలో ప్రతి ప్రయాణానికీ పది పదిహేను నిమిషాలు అదనంగా వేసుకోండి. మెట్లు, గేట్లు, లైను మారడం, బయటి దారి వెతుక్కోవడం, వీటికే ఆ సమయం పోతుంది. ఇక్కడ తప్పక గుర్తుంచుకోవాల్సింది ఎగ్జిట్ నంబరు. టోక్యోలోని షింజుకు స్టేషన్‌కి 200కి పైగా ఎగ్జిట్లున్నాయి. తప్పు ఎగ్జిట్‌లో పైకి వచ్చారంటే మీ చోటు పెద్ద రోడ్డుకో రైలు పట్టాలకో అవతల ఉండొచ్చు. చోటు పేరుతో పాటు ఎగ్జిట్ నంబరు కూడా నోట్‌లో రాయండి. స్టేషన్‌లో తికమకపడితే టికెట్ గేటు దాటకముందే ఆగి బోర్డు వెతకండి. దాటాక తప్పు తెలిస్తే మళ్లీ లోపలికి రావడానికి ఇంకో టికెట్ పడొచ్చు.

టికెట్ల విషయానికి వద్దాం. 'ఒక రోజు పాస్' అని ఉన్నప్పుడు ఆ రోజు ఎప్పటి నుంచి ఎప్పటి దాకానో చదవండి. ప్యారిస్‌లో నావిగో ఒక రోజు పాస్ ఆ తేదీ వరకే. సాయంత్రం నాలుగింటికి కొంటే మిగిలిన కొద్ది గంటలకే పనికొస్తుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో నగర రవాణా సంస్థ జీవీబీ వాళ్ల ఒక రోజు టికెట్ గంటల లెక్క, మొదటిసారి వాడినప్పటి నుంచి 24 గంటలు. లండన్ లాంటి చోట అసలు పాసే అక్కర్లేదు. కాంటాక్ట్‌లెస్ కార్డు తాకిస్తూ పోతే, రోజుకింత అన్న పరిమితి దాటాక ఇక డబ్బులు పడవు. దానికి షరతు, రోజంతా ఒకే కార్డు లేదా ఒకే ఫోన్ వాడాలి. పొద్దున కార్డు, మధ్యాహ్నం అదే కార్డున్న ఫోన్ తాకిస్తే మిషన్‌కి మీరు ఇద్దరు మనుషులు. పర్సు మొత్తం ఆనించకండి, లోపలున్న ఇంకో కార్డు మీద డబ్బులు పోతాయి. రైల్లో ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ తాకించాలి, బస్సులో ఎక్కేటప్పుడు మాత్రమే.

అన్ని ప్రవేశాలూ కలిపి అమ్మే సిటీ పాస్‌లు ఉంటాయి. పాస్ లేకపోయినా మీరు ఎలాగూ వెళ్లే చోట్ల టికెట్లు మాత్రమే కూడండి. పాస్ ధర అంతకన్నా తక్కువైతే కొనండి. "ఎలాగూ పాస్‌లో ఉంది కదా" అని వెళ్లేవాటిని లెక్కలో కలపొద్దు.

మ్యూజియంకి వెళ్లే పద్ధతి: ముందురోజే ఫ్లోర్ ప్లాన్ చూసి రెండు విభాగాలు ఎంచుకోండి, గంటన్నర పెట్టుకోండి. గేటు తెరవగానే జనం మొదటి గదుల్లోనే ఆగిపోతారు. మీరు నేరుగా దూరపు కొసకో పై అంతస్తుకో వెళ్లి, అక్కణ్ణించి వెనక్కి రండి. రాత్రి దాకా తెరిచి ఉండే రోజు దొరికితే అదింకా హాయి. లూవ్ర బుధ, శుక్రవారాల్లో, మెట్రోపాలిటన్ శుక్ర, శనివారాల్లో రాత్రి తొమ్మిది దాకా ఉంటాయి. ఉచిత ప్రవేశం రోజు టికెట్ డబ్బులు మిగులుతాయి గానీ, ఆ రోజు చూసేది చాలావరకు ముందువాళ్ల వీపులే. దానికన్నా సాయంత్రం టికెట్ కొనడమే నయం.

ఎత్తు నుంచి నగరం చూడాలంటే సూర్యాస్తమయానికి ముప్పావు గంట ముందు పైకి చేరేలా టికెట్ తీసుకోండి. వెలుతురు, అస్తమయం, దీపాలు ఒకే టికెట్‌లో దొరుకుతాయి. ఆ స్లాట్లే ముందు అయిపోతాయి కాబట్టి ఆలస్యం చేయొద్దు. అద్దం వెనక నుంచి ఫొటో తీసేటప్పుడు ఫ్లాష్ ఆపి, లెన్స్‌ని అద్దానికి పూర్తిగా ఆనించండి, చుట్టూ నల్ల చొక్కా చెయ్యో కోటో అడ్డుపెట్టండి. వెనక దీపాల ప్రతిబింబం పోతుంది.

టూరిస్టు బస్సు ఎక్కాలనుకుంటే మొదటి రోజు పొద్దున్నే, ట్రాఫిక్ పెరగకముందే ఎక్కి, దిగకుండా ఒక చుట్టు వేయండి. దిగుతూ ఎక్కుతూ తిరిగితే తర్వాతి బస్సు కోసం ఎదురుచూపులే మిగులుతాయి. ఊళ్లో వాళ్లు రోజూ వాడే పడవలు, డబుల్ డెక్కర్ బస్సులు కూడా చూడండి. న్యూయార్క్‌లో స్టాటన్ ఐలండ్ ఫెర్రీకి టికెట్ అక్కర్లేదు, ప్రయాణం సుమారు 25 నిమిషాలు. మాన్‌హాటన్ నుంచి వెళ్లేటప్పుడు కుడి వైపు నిలబడితే స్వేచ్ఛా విగ్రహం కనిపిస్తుంది. అవతలి ఒడ్డున అందరూ దిగి మళ్లీ ఎక్కాల్సిందే, పడవలోనే కూర్చుంటామంటే కుదరదు.

చివరి రోజు సామాను హోటల్‌లో గానీ స్టేషన్ లాకర్‌లో గానీ పెట్టండి. చాలా మ్యూజియంలు పెద్ద పెట్టెల్ని లోపలికి రానివ్వవు.

రాత్రి తిరుగు ప్రయాణానికి చివరి రైలు టైమ్ ముందే చూసుకోండి. మీరు లైను మారాల్సి ఉంటే రెండో లైను చివరి రైలు ముఖ్యం, మొదటిది కాదు. వారం మధ్యలో, వారాంతంలో టైములు వేరుగా ఉంటాయి. లండన్‌లో రాత్రంతా నడిచే రైళ్లు శుక్ర, శనివారాల్లోనే, అవీ కొన్ని లైన్ల మీదే. రైలు తప్పితే టాక్సీ డ్రైవర్‌కి చూపించడానికి హోటల్ చిరునామా అక్కడి లిపిలో ఉన్న కార్డు రిసెప్షన్‌లో అడిగి తీసుకుని జేబులో పెట్టుకోండి. ఫోన్‌లో ఉంటే చాలదు, అప్పటికి చార్జింగ్ అయిపోయి ఉండొచ్చు.