ప్లమ్ కేక్ మధ్యలో ఎందుకు కుంగుతుంది? క్రిస్మస్‌కి ఇంట్లో కేకు, గులాబీ పువ్వులు, గుమ్మం ముందు స్టార్

[తెర మీద: రెండు కేకు ముక్కలు పక్కపక్కన. ఒకటి నల్లగా, పండ్లు అంతటా పరుచుకుని ఉంది. రెండోది లేత గోధుమ రంగులో, పండ్లన్నీ అడుగున పేరుకుపోయి ఉంది.]

ఈ రెండు కేకులకీ కొలతలు ఒకటే, ఓవెన్ ఒకటే. తేడా మూడు చోట్ల వచ్చింది. పంచదారని ఎంతవరకు మాడ్చారు, పండ్లని ఎంత ఆరబెట్టారు, సెగ ఎంత తగ్గించారు. ఈ మూడూ కుదిరితే మిగతావాటిలో కాస్త అటూ ఇటూ అయినా కేకు నిలబడుతుంది.

ముందు పేరు సంగతి. ప్లమ్ కేకులో ప్లమ్ పండ్లు ఉండవు. పాతకాలపు ఇంగ్లండులో ఎండుద్రాక్షని కూడా ప్లమ్ అనే పిలిచేవారు, ఆ పేరే నిలిచిపోయింది. మన దేశంలో దీని కథ కేరళలోని తలస్సేరి నుంచి మొదలైందంటారు. 1883లో అక్కడ బేకరీ నడిపే మాంబళ్లి బాపు, మర్డాక్ బ్రౌన్ అనే తోటల యజమాని అడిగితే క్రిస్మస్ కేకు చేసిచ్చాడని చెబుతారు. మన బేకరీల్లో డిసెంబరు రాగానే కనబడే నల్లటి కేకూ ఆ కోవలోదే. ఆ నలుపు కోకో పొడిది కాదు, మాడ్చిన పంచదారది.

[తెర మీద: తూకం మీద గిన్నె. ఒక్కో పండూ పడుతుండగా అంకె మారుతుంది.]

ఎనిమిది అంగుళాల గుండ్రటి టిన్నుకి, అంటే కిలో పైచిలుకు కేకుకి, ఎండు పండ్లు 400 గ్రాములు కావాలి. కిస్‌మిస్ 150, నల్ల ఎండుద్రాక్ష 100, గింజ తీసి తరిగిన ఖర్జూరం 75, టూటీ ఫ్రూటీ 50, చెర్రీ 25. టూటీ ఫ్రూటీ అంతకు మించి వేయకండి. అది పాకంలో ఉడికిన పచ్చి బొప్పాయి ముక్క, తీపి తప్ప ఇంకేమీ ఇవ్వదు.

రమ్ములో నానబెట్టేవాళ్లు నవంబరులోనే మొదలుపెడతారు. గాజు సీసాలో పండ్లు పూర్తిగా మునిగేలా పోసి, మూత బిగించి, వారానికోసారి కుదిపితే చాలు. మందు వద్దనుకునే ఇళ్లలో కమలాపండ్ల రసం వాడొచ్చు. కాకపోతే రసంలో వేసి వారాల తరబడి బయట పెట్టకూడదు, పులుస్తుంది. 200 మిల్లీలీటర్ల రసంలో పండ్లు వేసి సన్నటి సెగ మీద ఐదారు నిమిషాలు మరగనిచ్చి, మూతపెట్టి చల్లార్చండి. మూడు గంటల్లో ఉబ్బుతాయి. రేపు చేద్దామనుకుంటే ఫ్రిజ్‌లో పెట్టండి.

కేకు కలిపే ముందు మాత్రం పండ్లని జల్లెడలో అరగంట వడకట్టాలి. ఆ తర్వాత పొడిగుడ్డ మీద పరిచి ఒకసారి అద్దాలి. తడి పండు బరువుగా ఉంటుంది, తన చుట్టూ ఉన్న పిండిని పలుచన చేస్తుంది, అడుగుకి జారుతుంది. పండ్లకి మైదా పూస్తే దిగవని చాలామంది చెబుతారు. పూయండి, మంచిదే. కానీ పిండి జారుడుగా ఉంటే ఆ పూత ఏమీ చేయలేదు.

[తెర మీద: అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నె. కెమెరా పైనుంచి, దగ్గరగా. ఇక్కడ సంగీతం ఆపేయాలి, చిటపటలు వినబడాలి.]

ఇక క్యారమెల్, అంటే ఆ మాడ్చిన పంచదార. ఇది అరిసెల పాకం కాదు. తీగ చూడటం, నీళ్లలో వేసి ఉండ చేయడం ఇక్కడ పనికిరావు. రంగూ వాసనా చూసుకోవడమే.

నాన్‌స్టిక్ గిన్నె వద్దు, నల్లటి అడుగులో రంగు తెలియదు. 75 గ్రాముల పంచదార, ఒక టేబుల్ స్పూను నీళ్లు వేసి మధ్యస్థంగా సెగ పెట్టండి. గరిటె పెట్టి తిప్పకండి. తిప్పితే అంచున అంటుకున్న పలుకులు లోపలికి పడి మొత్తం మళ్లీ గడ్డకడుతుంది. గిన్నెనే పట్టుకుని గుండ్రంగా ఊపండి.

మొదట నీళ్లలా తేటగా మరుగుతుంది. కాసేపటికి అంచుల్లో లేత పసుపు, ఆ తర్వాత తేనె రంగు వస్తాయి. చాలామంది ఇక్కడే భయపడి ఆపేస్తారు. లేత గోధుమ రంగు కేకు వచ్చేది అందుకే. ఇంకా ఉంచండి. రాగి రంగు దాటి ఫిల్టర్ కాఫీ డికాక్షన్ రంగుకి రావాలి. అప్పుడు సన్నటి పొగ లేస్తుంది, ముక్కుకి కాస్త చేదు వాసన తగులుతుంది. ఆ పొగ కనబడగానే స్టవ్ కట్టేయండి. గిన్నె వేడికే అది ఇంకో మెట్టు ముదురుతుంది. తేనె రంగు నుంచి ఇక్కడికి రావడానికి ఒకటి రెండు నిమిషాలే పడుతుంది కాబట్టి ఈలోపు ఫోను ఎత్తకండి.

75 మిల్లీలీటర్ల మరిగే నీళ్లు పక్కన సిద్ధంగా ఉండాలి. చన్నీళ్లు పోస్తే ఎగిరి చేతుల మీద పడుతుంది, పంచదార రాయిలా బిగుస్తుంది. వేడినీళ్లు కూడా చెంచాడు చెంచాడు చొప్పున, మొహం దూరంగా పెట్టుకుని పోయండి. బుసబుసమని పొంగి అణుగుతుంది. అడుగున గడ్డ మిగిలితే సన్నటి సెగ మీద ఒక నిమిషం కరిగించండి. చల్లారాక నాలుక మీద ఒక చుక్క వేసుకుంటే ముందు తీపి, చివర్లో చిరుచేదు తెలియాలి. చేదే ముందు తెలిస్తే మాడిపోయినట్టు. పారబోసి మళ్లీ చేయండి. పోయేది 75 గ్రాముల పంచదారేగా! ఆ మాడు కేకులో పడితే 400 గ్రాముల పండ్లూ పోతాయి.

[తెర మీద: పొడి దినుసులు, వెన్న, గుడ్లు.]

మైదా 175 గ్రాములు, బేకింగ్ పౌడర్ సమంగా గీసిన ఒక టీస్పూను. దాల్చినచెక్క, నాలుగు లవంగాలు, మూడు ఏలకులు కలిపి దంచిన పొడి ఒక టీస్పూను, శొంఠి పొడి అర టీస్పూను, గీరిన జాజికాయ చిటికెడు. ఇందులోంచి రెండు టేబుల్ స్పూన్ల పిండి పండ్లకి పూయడానికి పక్కన తీయండి. వెన్న 150 గ్రాములు. దుకాణాల్లో మామూలుగా దొరికే టేబుల్ బటర్‌లో ఉప్పు ఉంటుంది, అది వాడితే విడిగా ఉప్పు వేయనక్కర్లేదు. పొడి చేసిన పంచదార 125 గ్రాములు, గుడ్లు మూడు, జీడిపప్పు పలుకులు 50 గ్రాములు, ఒక కమలాపండు తొక్క తురుము. తురుము పైపైనే తీయాలి, లోపలి తెల్లటి పొర చేదు.

వెన్న వేలితో నొక్కితే గుంట పడాలి, కరిగి నూనెలా ఉండకూడదు. పంచదారతో కలిపి నాలుగైదు నిమిషాలు, రంగు తెల్లబడేదాకా గిలకొట్టండి. గుడ్లు ఒక్కొక్కటిగా వేయండి. ఫ్రిజ్ నుంచి తీసిన గుడ్లు నేరుగా వేస్తే విరిగిన పాలలా పలుకులు పలుకులుగా అవుతుంది. అయినా కంగారు లేదు, ఒక చెంచా మైదా వేసి కలిపితే సర్దుకుంటుంది. తర్వాత పూర్తిగా చల్లారిన క్యారమెల్, ఆపైన మూడు విడతలుగా మైదా. మైదా పడ్డాక గిలకొట్టకూడదు, గరిటెతో అడుగు నుంచి పైకి మడవాలి. ఎక్కువ కలిపితే సాగుడొచ్చి కేకు రబ్బరులా తయారవుతుంది.

చివర్లో పండ్లు, జీడిపప్పు, కమలా తురుము. గరిటె ఎత్తి వంచితే పిండి ధారగా కారకూడదు, ముద్దలా జారిపడాలి. ఇడ్లీ పిండి కంటే చిక్కగా అనుకోండి.

గుడ్డు తినని చుట్టాలుంటే మూడు గుడ్లకి బదులు 150 గ్రాముల కమ్మటి పెరుగు, అర టీస్పూను వంటసోడా. రుచి బాగానే ఉంటుంది, ముక్క మాత్రం కొంచెం పొడిపొడిగా రాలుతుంది.

[తెర మీద: టిన్నులో రెండు పొరల బటర్ పేపర్. పేపరు టిన్ను కంటే అంగుళం పైకి ఉంటుంది.]

మామూలు స్పాంజి కేకులా 180 డిగ్రీల్లో పెడితే ఇది చెడుతుంది. పైభాగం ముందే గట్టిపడుతుంది, లోపలి పిండి ఆవిరికి దాన్ని చీల్చుకుని పైకి వస్తుంది, మధ్యలో పచ్చి మిగులుతుంది. 150 డిగ్రీలు చాలు. ఓటీజీలో, అంటే కరెంటుతో నడిచే చిన్న ఓవెన్‌లో, పైనా కిందా రెండు రాడ్లూ వేసి, పావుగంట ముందే వేడిచేసి, కేకు మధ్యలోకి వచ్చేలా లోపలి జాలీ అర పెట్టండి. 75 నుంచి 85 నిమిషాలు పడుతుంది. చిన్న ఓటీజీల్లో మీట చూపే అంకెకీ లోపలి వేడికీ పొంతన ఉండకపోవచ్చు. లోపల వేలాడదీసే థర్మామీటరు ఒకటి కొనుక్కుంటే ఆ డబ్బు దండగ కాదు. ఫ్యాను తిరిగే కన్వెక్షన్ మైక్రోవేవ్ అయితే 140 పెట్టండి.

మొదటి 50 నిమిషాలు తలుపు తీయొద్దు. నిలబడని పిండికి చల్లగాలి తగిలితే మధ్య కుంగుతుంది. కుంగడానికి ఇంకో కారణం బేకింగ్ పౌడర్. ‘బాగా పొంగాలి’ అని ఇంకో అర చెంచా వేస్తారు. తొందరగా పొంగుతుంది, పండ్ల బరువు మోయలేక కూలిపోతుంది. ఇది పొంగాల్సిన కేకు కాదు, బరువుగా ఉండాల్సిన కేకు. 50 నిమిషాల తర్వాత పైభాగం నల్లబడుతుంటే ఫాయిల్ కప్పండి.

ఉడికిందో లేదో చూడటానికి టూత్‌పిక్ పొడవు సరిపోదు. కడిగి ఆరబెట్టిన కొత్త చీపురుపుల్ల మంచిది. ఒకచోట గుచ్చితే ఎండుద్రాక్షకి తగిలి బంకగా రావచ్చు, రెండు చోట్ల గుచ్చి చూడండి.

ఓవెన్ లేనివాళ్లకి కుక్కరు ఉంది. గాస్కెట్టూ విజిలూ తీసేయాలి, నీళ్లు పోయకూడదు. అడుగున అంగుళం మందాన ఉప్పు గానీ పొడి ఇసుక గానీ పరిచి, పైన స్టాండు పెట్టి, పది నిమిషాలు వేడిచేశాక టిన్ను దించాలి. ఐదు లీటర్ల కుక్కరులో ఎనిమిది అంగుళాల టిన్ను ఇరుక్కుంటుంది. ఆరు అంగుళాలది తీసుకుని అన్నీ సగం చేయండి, ఒకటిన్నర గుడ్డు వచ్చేచోట రెండు చిన్న గుడ్లు వేయండి. బాగా సన్నటి సెగ మీద దాదాపు గంట. పైభాగం ఎర్రబడదు, దాని గురించి బెంగ వద్దు.

కేకు టిన్నులోనే పూర్తిగా చల్లారాలి. తర్వాత బటర్ పేపర్ చుట్టి, దాని మీద ఫాయిల్ చుట్టండి. ఫాయిల్ నేరుగా చుడితే పండ్ల పులుపు ఆ అల్యూమినియాన్ని తినేస్తుంది. ఆ రోజే కోస్తే పొడుము రాలుతుంది, రెండో రోజుకి చెమ్మ సమంగా సర్దుకుంటుంది. అందుకే 22నో 23నో చేసి పెట్టుకోవడం మేలు. రసంతో చేసినది బయట నాలుగు రోజులు, ఫ్రిజ్‌లో రెండు వారాలు.

[తెర మీద: నూనెలో గులాబీ పువ్వుల అచ్చు. పువ్వు విడిపడి తేలుతుంది.]

గులాబీ పువ్వులకి బియ్యప్పిండి ఒక కప్పు, మైదా ఒక కప్పు, పంచదార పొడి అర కప్పు, ఒక గుడ్డు, రెండు చెంచాల నువ్వులు. చిక్కటి కొబ్బరిపాలు కప్పుతో మొదలుపెట్టి, పలుచటి దోశ పిండిలా అయ్యేదాకా కొద్దికొద్దిగా. అరిసెలకి తడిపిండి కావాలి గానీ దీనికి పొడి బియ్యప్పిండే సరి.

అచ్చు వదలట్లేదన్నది అందరి ఫిర్యాదు. కొత్త అచ్చయితే ముందు రాత్రంతా నూనెలో ఉంచండి. వేయించేటప్పుడు ప్రతిసారీ అచ్చు నూనెలో కాలాలి. నూనె కార్చి, పిండిలో ముప్పాతిక వంతు మాత్రమే ముంచాలి. పై అంచు దాటి మునిగిందా, పిండి అచ్చుని కప్పేసి పట్టుకుంటుంది, ఇక పుల్లతో పొడవాల్సిందే. ముంచగానే ‘సుయ్’ మని పిండి అంటుకుంటే వేడి సరిగ్గా ఉన్నట్టు. అంటుకోకుండా జారిపోతే అచ్చు చల్లగా ఉంది, అంటుకున్నది పిండి గిన్నెలోనే ఊడిపోతే మరీ కాలింది. మొదటి రెండు మూడు ఎవరికైనా పాడవుతాయి, లెక్కలో వేసుకోకండి.

[తెర మీద: సాయంత్రం. గుమ్మం ముందు కాగితం స్టార్ వెలుగుతోంది.]

స్టార్‌లో పాతకాలపు 60 వాట్ల బల్బు పెట్టొద్దు, ఆ వేడికి కాగితం ముందు గోధుమరంగుకి తిరుగుతుంది, ఆ తర్వాత అంటుకునే ప్రమాదం ఉంది. 7 వాట్ల ఎల్ఈడీ చాలు. డిసెంబరు మంచుకి కాగితం రాత్రికి రాత్రే మెత్తబడి మూలలు వేలాడతాయి. సజ్జా కిందకి జరపండి, లేదంటే పైన పలుచటి ప్లాస్టిక్ షీటు కట్టండి. బరువు వైరు మీద పడకుండా విడిగా తాడుతో వేలాడదీయాలి. వైరుని ఒకచోట కిందికి వంపు ఇచ్చి పైకి తిప్పితే మంచు నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి, హోల్డరులోకి దిగవు.

క్రిస్మస్ చెట్టుకి సరుగుడు కొమ్మ తెస్తే తడి ఇసుక నింపిన బకెట్లో దిగ్గొట్టి, రోజూ చెంబుడు నీళ్లు పోయండి. నాలుగైదు రోజులు పచ్చగా ఉంటుంది. ఎండితే తొందరగా అంటుకుంటుంది, దాని దగ్గర కొవ్వొత్తులు వద్దు. ఏసు పుట్టుకని చూపే పశువుల పాక బొమ్మ ముందు పచ్చిక కావాలంటే నానబెట్టిన గోధుమలు పళ్లెంలో మట్టి మీద చల్లండి. 14వ తేదీన చల్లితే పండగనాటికి వేలెడెత్తు వస్తుంది.

[తెర మీద: పెద్ద గిన్నెలో టీ, పక్కన ఫ్లాస్కు. బయట గిటారు, డప్పు చప్పుడు వినబడుతుంది.]

ఇంటింటికీ వచ్చి క్రిస్మస్ పాటలు పాడే కేరల్స్ వాళ్లు పదింటికి వస్తామని ఒంటిగంటకి వస్తారు, అందుకని టీ ఫ్లాస్కులో ఉండాలి. ఇరవై మందికి నీళ్లు లీటరు, పాలు లీటరుంపావు, టీపొడి 45 గ్రాములు, పంచదార 150 గ్రాములు. దంచిన అల్లం ముందు నీళ్లలో బాగా మరగాలి, ఆ తర్వాతే పాలు. పచ్చి అల్లం నేరుగా పాలలో పడితే విరిగే అవకాశం ఎక్కువ.

[తెర మీద: రంపపు పళ్ల కత్తి, పక్కన వేడినీళ్ల గ్లాసు.]

కేకుని త్రికోణాలుగా కోస్తే ముక్కలు పెద్దవై చాలవు. ముందు వేలెడు వెడల్పు పట్టీలుగా, తర్వాత అడ్డంగా కోయండి. ఇరవై ఐదు ముక్కల పైనే వస్తాయి. కత్తిని ప్రతి రెండు కోతలకి వేడినీళ్లలో ముంచి తుడవండి, నొక్కకుండా రంపంలా లాగండి. గుండ్రటి అంచు దగ్గర వచ్చే చిన్న ముక్కలు పళ్లెంలో పెట్టకండి, అవి వంటింట్లోవాళ్లవి.