వెంగర్ జట్టులో పెద్దలు ఏమయ్యారు?

అందరికీ నమస్కారం. ఆర్సెన్ వెంగర్ గురించి మాట్లాడమన్నారు. 1996 నుంచి 2018 దాకా లండన్ ఫుట్‌బాల్ క్లబ్బు ఆర్సెనల్‌ని నడిపిన మేనేజర్. మూడు ఇంగ్లండ్ లీగ్ టైటిళ్లు, ఏడు ఎఫ్‌ఏ కప్పులు (ఇంగ్లండ్ నాకౌట్ టోర్నీ). ఆయన్ని దేవుడనే వాళ్లూ, ఆఖరి పదేళ్లు దండగ అనే వాళ్లూ ఉన్నారు. కాబట్టి నేనేం చెప్పినా ఎవరో ఒకరికి కోపం రావడం ఖాయం.

ఆయనకు డిఫెన్స్ కట్టడం చేతకాదని తరచూ వింటుంటాం. నేనొప్పుకోను. వచ్చిన కొత్తలో డిఫెండర్లు ఆడమ్స్, డిక్సన్, వింటర్‌బర్న్ పాత మేనేజర్ జార్జ్ గ్రాహమ్ హయాం వాళ్లే, నిజమే. కానీ 2003-04లో 38 లీగ్ మ్యాచుల్లో ఒక్కటీ ఓడని జట్టును చూడండి. లారెన్ మిడ్‌ఫీల్డర్‌గా వచ్చినవాడు. కోలో టూరే ఎక్కడ పెడితే అక్కడ ఆడే కుర్రాడు. వాళ్లను డిఫెండర్లుగా కుదిర్చింది వెంగరే. డిఫెండర్ సోల్ క్యాంప్‌బెల్‌ని పొరుగు ప్రత్యర్థి క్లబ్బు టాటెన్‌హామ్ నుంచి ఫీజు లేకుండా తెచ్చారు. ఆ క్లబ్బు అభిమానులు ఈ మాట ఇప్పటికీ వినలేరు!

మరి తర్వాత ఏమైంది? స్టేడియం అప్పు అంటారు. 2006లో కొత్త స్టేడియం ఎమిరేట్స్‌కి మారారు, ఖర్చు 39 కోట్ల పౌండ్లు. అంత భారంతో ఏటా జట్టును యూరప్ మేటి క్లబ్బుల పోటీ చాంపియన్స్ లీగ్‌కి చేర్చడం, నన్నడిగితే, ఓటమి లేని ఆ సీజన్ కంటే గొప్ప పని. ఫాబ్రెగాస్, నస్రి లాంటి మంచి ఆటగాళ్లు వెళ్లిపోయినందుకు ఆయన్ని మరీ తప్పుపట్టలేను.

తప్పుపట్టేది ఇంకోదానికి. ముప్పై దాటినవాళ్లకు ఒక్క ఏడాదికే కాంట్రాక్టు అనే పద్ధతి ఆయనది. స్పెయిన్ క్లబ్బు విల్లారియల్ రెండేళ్లు ఇస్తామంటే, ఓటమి లేని ఆ జట్టులోని పిరెస్ అటే వెళ్లిపోయాడు. వెంగర్ ప్రత్యర్థిని బట్టి ప్లాన్ గీసిచ్చే రకం కాదు, మైదానంలో ఆటగాళ్లే ఆలోచించుకోవాలనేవారు. ఆడమ్స్, వియెరా లాంటి కెప్టెన్లు ఉన్నన్నాళ్లూ అది చెల్లింది. ఎవరైనా తప్పు చేస్తే అక్కడికక్కడే అడగడానికి పెద్దవాళ్లున్నారు. వాళ్లను పంపేసి, అదే స్వేచ్ఛ ఇరవై ఏళ్ల పిల్లలకిచ్చారు. 2011 ఆగస్టు 28న ఓల్డ్ ట్రాఫర్డ్‌లో మాంచెస్టర్ యునైటెడ్ చేతిలో 8-2తో ఓడాక, మూడు రోజుల్లో ఆటగాళ్ల కొనుగోలు గడువు (విండో) మూసేలోపు హడావుడిగా అనుభవజ్ఞులను కొన్నారు: మెర్టెసాకర్, అర్టెటా. లోపం ఎక్కడుందో ఆయనకు తెలుసన్నమాట.

2015 నాటికి డబ్బు సాకు కూడా లేదు. అంతకు రెండేళ్ల ముందే మిడ్‌ఫీల్డర్ ఓజిల్‌ని నాలుగు కోట్ల పౌండ్లు దాటించి కొన్నారు. అయినా ఆ వేసవిలో సీనియర్ జట్టులోకి వచ్చింది గోల్‌కీపర్ చెక్ ఒక్కడే. ఆ సీజన్‌లో లెస్టర్‌ని రెండుసార్లూ ఓడించి, టైటిల్ మాత్రం లెస్టర్‌కే వదిలేసి రెండో స్థానంలో నిలిచారు. ఇది నేను క్షమించలేను.

2017లో వెంబ్లీ స్టేడియంలో లీగ్ చాంపియన్ చెల్సీని 2-1తో ఓడించి ఏడో ఎఫ్‌ఏ కప్పు గెలిచారు. ఆ రోజు డిఫెన్స్ మధ్యలో నిలబడి జట్టును కాసింది మెర్టెసాకర్. అతనికి అప్పటికి 32 ఏళ్లు. ఆ సీజన్‌లో మొదటి నిమిషం నుంచి ఆడిన మొదటి మ్యాచ్ అదే.