బెంగళూరులో సైకిల్ షాపు వెతుకుతున్నారా? ఒకటి కాదు, రెండు వెతకండి

నమస్తే అండి. ఊరు మారితే ముందు ఇల్లు వెతుక్కుంటాం, తర్వాత మంచి మెస్సు, ఆ తర్వాత ఇంటర్నెట్ కనెక్షన్. సైకిల్ తొక్కే అలవాటు ఉన్నవాళ్ళకి ఇంకో పని కూడా ఉంటుంది. మంచి సైకిల్ షాపు ఎక్కడుందో కనుక్కోవడం. ఈమధ్య విజయవాడ నుంచి బెల్లందూరు వచ్చిన ఓ తమ్ముడు ఇదే అడిగాడు. "అన్నా, బెంగళూరులో బెస్ట్ షాపు ఒక్కటి చెప్పు చాలు" అన్నాడు.

నేను చెప్పలేదు. చెప్పినా అతనికి ఉపయోగం లేదు. జయనగర్‌లో ఎంత గొప్ప షాపు ఉన్నా, బెల్లందూరులో పంక్చర్ పడిన సైకిల్‌ని సిల్క్ బోర్డు జంక్షన్ దాటించి అక్కడికి ఎవరు తీసుకెళ్తారు? ఆ ట్రాఫిక్ చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

నన్నడిగితే రెండు షాపులు కావాలి. ఒకటి ఇంటి దగ్గర, సైకిల్ నడిపించుకుంటూ వెళ్ళగలిగే దూరంలో ఉండే చిన్న కొట్టు. రెండోది గేరు సైకిళ్ళు బాగా తెలిసిన షాపు. అది ఊరికి ఆ చివర ఉన్నా ఫర్వాలేదు. ఈ రెండూ దొరకడం పెద్ద కష్టం కాదు. ఏ పని ఎవరికి ఇవ్వాలో తెలియకే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు.

ముందు చిన్న కొట్టు సంగతి చూద్దాం. చెట్టు కింద ఒక పంపు, నీళ్ళ టబ్బు, మేకుకి వేలాడే పాత టైర్లు. లక్షన్నర పెట్టి సైకిల్ కొన్నవాళ్ళు ఇలాంటి కొట్టు వంక కూడా చూడరు. అక్కడే పొరపాటు చేస్తున్నారు. రిమ్ముకి బెండు వచ్చిందనుకోండి. ఆయన సైకిల్‌ని తిరగేసి, చక్రం తిప్పి, ఫ్రేము మీద బొటనవేలు ఆనించి, ఏ పుల్ల (స్పోకు) బిగించాలో ఏది వదులు చేయాలో చూపుతోనే పట్టేస్తాడు. స్టాండు లేదు, గేజీ లేదు. ఏళ్ళ తరబడి డబుల్ బ్రేకు సైకిళ్ళు, పాలవాళ్ళ సైకిళ్ళు బాగుచేసిన చేయి అది. పంక్చర్, బేరింగ్‌లో బాల్స్ మార్చడం, గ్రీజు పెట్టడం, పెడల్ బిగించడం, మామూలు వైరు బ్రేకు సరిచేయడం, ఇవన్నీ నిశ్చింతగా ఆయనకి ఇవ్వచ్చు.

అయితే రెండు చోట్ల జాగ్రత్త పడాలి. మొదటిది వాల్వు. రోడ్ సైకిళ్ళకి సన్నగా పొడుగ్గా ఉండే ప్రెస్టా వాల్వు వస్తుంది. గాలి కొట్టేముందు దాని కొసన ఉన్న చిన్న నట్టు వదులు చేయాలి. ఆయన పంపు దానికి పట్టదు, కంప్రెసర్ గొట్టమూ పట్టదు. వేలెడంత కూడా ఉండని ఇత్తడి అడాప్టర్ ఒకటి దొరుకుతుంది. అది కొని సీటు కింద బ్యాగులో పడేసుకుంటే సరిపోతుంది.

రెండోది టైరు. "అన్నా, ఇరవై ఎనిమిది టైరు కావాలి" అని అడిగితే ఆయన తెచ్చేది పాలవాళ్ళు వాడే పాత రోడ్‌స్టర్ సైకిల్ టైరు. మన గేరు సైకిళ్ళలో 700సీ టైరుని కూడా కొన్ని కంపెనీలు 28 అని రాస్తాయి. పేరు ఒకటే అయినా రెండూ వేరు. రోడ్‌స్టర్ టైరు కూర్చునే రిమ్ము కొలత 635 మిల్లీమీటర్లు, 700సీది 622. తేడా 13 మిల్లీమీటర్లే, కానీ ఆ టైరు మన రిమ్ము మీద వదులుగా ఉంటుంది, నిలవదు. అందుకే ఇంచుల లెక్క వదిలేయండి. టైరు పక్కన 32-622 అని, 50-559 అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. దాన్ని ఫోటో తీసి చూపించండి.

పంక్చర్ కొట్టు మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు మీద మేకుల గొడవ ఒకప్పుడు పెద్ద వార్త. బెనెడిక్ట్ జెబకుమార్ అనే ఇంజినీరు, ఆఫీసుకి వెళ్ళే దారిలో మాటిమాటికీ పంక్చర్లు పడుతుంటే, అయస్కాంతం పట్టుకుని రోడ్డు మీద మేకులు ఏరడం మొదలుపెట్టారు. కిలోల లెక్కన ఏరారు. వ్యాపారం కోసం పంక్చర్లవాళ్ళే చల్లుతున్నారని అప్పట్లో అందరి అనుమానం. దాంతో కష్టపడి బతికే ప్రతి పంక్చర్ కొట్టునీ దొంగను చూసినట్టు చూసేవాళ్ళు తయారయ్యారు. నాకది న్యాయంగా అనిపించదు. అలాగని కళ్ళు మూసుకుని కూర్చోమనీ అనను. ట్యూబు నీళ్ళలో ముంచేటప్పుడు పక్కనే నిలబడండి. బుడగ ఎన్ని చోట్ల వస్తోందో మీ కళ్ళతో చూడండి. అన్నిటికంటే ముఖ్యం, టైరు లోపల చేయి పెట్టి ఆ మేకునో ముల్లునో తీశాడా లేదా చూడండి. చాలాసార్లు రెండో పంక్చర్ పడేది అది లోపలే ఉండిపోవడం వల్ల. దీనికో కిటుకు ఉంది. టైరు ఎక్కించేటప్పుడు కంపెనీ పేరు సరిగ్గా వాల్వు దగ్గరికి వచ్చేలా పెట్టించుకోండి. తర్వాత ట్యూబులో చిల్లు వాల్వుకి ఎంత దూరంలో ఉందో చూస్తే టైరులో ముల్లు ఎక్కడుందో వెంటనే దొరుకుతుంది.

ఇక పెద్ద షాపు. కొత్తగా ఊరు వచ్చినవాళ్ళకి ఈ షాపుతో పని మొదటి వారంలోనే పడుతుంది. కారణం మన ట్రావెల్స్ బస్సు. ఇంట్లోంచి బయల్దేరినప్పుడు గేర్లు చక్కగా పడ్డ సైకిల్, పొద్దున మడివాళలో దిగేసరికి టకటకమని మొరాయిస్తుంది. డిక్కీలో కుడివైపుకి పడుకోబెట్టి, పైన నాలుగు సూట్‌కేసులు వేస్తారు. ఆ బరువు మొత్తం వెనక డిరైలర్ మీద, అంటే గేరు మార్చినప్పుడు చైనుని పక్కకి జరిపే భాగం మీద పడుతుంది. డిరైలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే చిన్న ముక్కని హ్యాంగర్ అంటారు. చాలా అల్యూమినియం, కార్బన్ సైకిళ్ళలో అది విడిగా ఊడి వస్తుంది. దాన్ని కావాలనే మెత్తగా చేస్తారు. ఫ్యూజులాంటిది. దెబ్బ తగిలితే అది వంగుతుంది, లేదా విరుగుతుంది, ఫ్రేము మిగులుతుంది.

షాపు తెలివి ఇక్కడే బయటపడుతుంది. "బస్సులో వచ్చింది, గేర్లు సరిగ్గా పడటం లేదు" అని మాత్రం చెప్పి చేతులు కట్టుకుని చూడండి. కొందరు వెంటనే స్క్రూడ్రైవర్ తీసుకుని డిరైలర్ స్క్రూలు తిప్పడం మొదలుపెడతారు. కాసేపటికి ఎలాగోలా పడతాయి కూడా. రెండు రోజులకి మళ్ళీ మామూలే. పని తెలిసినవాడు ముందు స్క్రూ ముట్టుకోడు. సైకిల్ వెనక్కి వెళ్ళి, వంగి చూస్తాడు. డిరైలర్‌లో ఉండే రెండు చిన్న చక్రాలూ పైనున్న పళ్ళచక్రానికి తిన్నగా ఉన్నాయా, లోపలికి వాలాయా అని. అనుమానం వస్తే డిరైలర్ విప్పి, ఆ చోట పొడుగాటి గేజీ బిగించి, చక్రం చుట్టూ తిప్పుతూ రిమ్ముకీ దానికీ దూరం అన్నిచోట్లా సమానంగా ఉందో లేదో కొలుస్తాడు. ఆ గేజీ ఉన్న షాపు, దాన్ని బయటికి తీసిన మనిషి, ఇద్దరూ దొరికితే మీ వెతుకులాట దాదాపు అయిపోయినట్టే. ఇది చిన్న విషయమని కొట్టిపారేయకండి. వంగిన హ్యాంగర్‌తో ఎత్తు ఎక్కుతూ అన్నిటికంటే పెద్ద పళ్ళచక్రం మీదికి గేరు వేస్తే డిరైలర్ పుల్లల్లోకి వెళ్ళిపోతుంది. అప్పుడు చక్రం, డిరైలర్ రెండూ పోతాయి.

హ్యాంగర్ ఒక్కో ఫ్రేముకి ఒక్కో రకం. అందుకే ఒకటి అదనంగా కొని ఇంట్లో పెట్టుకోమని చెప్పే షాపు అంటే నాకు గౌరవం.

బ్రేకుల విషయంలో మాత్రం చాలా కచ్చితంగా ఉండాలి. హైడ్రాలిక్ డిస్కు బ్రేకు (వైరుకి బదులు ఆయిల్‌తో పనిచేసేది) ఉంటే దాన్ని చెట్టు కింద కొట్టుకి ఇవ్వకండి. షిమానో, టెక్ట్రో బ్రేకుల్లో ఉండేది మినరల్ ఆయిల్. శ్రామ్‌లో చాలా మోడళ్ళకి డాట్ ఫ్లూయిడ్. మోటార్ సైకిళ్ళలో పోసేది కూడా డాట్ ఫ్లూయిడే, కాబట్టి ఏ మెకానిక్ దగ్గరైనా ఆ డబ్బా ఉంటుంది. మంచి మనసుతోనే "బ్రేకు ఆయిలే కదా" అని మీ షిమానోలో పోశాడంటే లోపలి రబ్బరు సీళ్ళు ఉబ్బిపోతాయి, మొత్తం బ్రేకు మార్చాల్సి వస్తుంది. పెద్ద షాపుకి వెళ్ళినా ఈ ప్రశ్న అడగండి: "దీనికి ఏ ఆయిల్ పోస్తారు?" బ్రేకు మీద పేరు చూసి జవాబు చెప్తే సరే. "అన్నిటికీ ఒకటే సార్" అంటే థాంక్స్ చెప్పి సైకిల్ బయటికి తెచ్చేసుకోండి.

చైను దగ్గర ఇంకో రకం పరీక్ష. కొన్ని షాపులు చైను, క్యాసెట్ (వెనక పళ్ళచక్రాల గుత్తి), చైన్‌రింగ్ (పెడల్ దగ్గరి పళ్ళచక్రం) అన్నీ పోయాయని ఒకేసారి బిల్లు రాస్తాయి. నిజంగా పోయి ఉండచ్చు కూడా. అందుకే ఇంట్లోనే కొలుచుకుని వెళ్ళండి. స్టీలు స్కేలు చాలు. చైనుని కాస్త బిగుతుగా ఉంచి, ఒక పిన్ను మధ్యలో సున్నా పెట్టి లెక్కపెట్టండి. కొత్త చైనులో ఇరవై నాలుగో పిన్ను సరిగ్గా 12 ఇంచుల దగ్గర పడాలి. ఇంచులో పదహారో వంతు జరిగితే అర శాతం సాగినట్టు. వెనక పదకొండు, పన్నెండు గేర్లున్న సైకిళ్ళకి అక్కడే మార్చేయాలి, ఎనిమిది, తొమ్మిది గేర్లవి ఇంకాస్త ఓర్చుకుంటాయి. ఎనిమిదో వంతు దాకా వచ్చిందంటే క్యాసెట్ పళ్ళు కూడా అరిగిపోయి ఉంటాయి, అప్పుడు ఆ బిల్లు న్యాయమే. సమయానికి చైను మారిస్తే క్యాసెట్ బతుకుతుంది. ఆ మాట ముందుగా చెప్పే షాపువాడికి క్యాసెట్ అమ్మకం పోతుంది. అయినా చెప్తాడు చూడండి, ఆ షాపుకే మళ్ళీ వెళ్తాం.

షోరూముల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. డెకథ్లాన్ మన దేశంలో తొలి స్టోరు తెరిచింది ఇక్కడే, 2009లో, సర్జాపూర్ రోడ్డులో. వాళ్ళ సైకిల్ ఉంటే వాళ్ళ వర్క్‌షాపులో స్పేర్ పార్టు సులువుగా దొరుకుతుంది. మిగతా బ్రాండ్ల షోరూముల్లో గోడకి వేలాడే కార్బన్ సైకిళ్ళు చూసి మురిసిపోకండి. లోపల వెనకవైపు పని చేసే చోటు ఒకసారి చూపించమనండి. సైకిల్ ఎత్తి పెట్టే స్టాండు, బోల్టు ఎంత బిగించాలో కొలిచి బిగించే టార్క్ రెంచి, శుభ్రంగా ఉన్న బెంచీ కనిపిస్తున్నాయా? కార్బన్ హ్యాండిల్ బోల్టులని చేత్తో అంచనా వేసి బిగించే షాపు నాకు వద్దు. సాధారణంగా హ్యాండిల్‌ని పట్టి ఉంచే స్టెమ్ మీదే 5 న్యూటన్ మీటర్లు అనో ఎంతో అంకె వేసి ఉంటుంది. దాన్ని చదివే ఓపిక ఉండాలి కదా.

మరి ఎవర్ని అడగాలి? ఆదివారం పొద్దున్నే బళ్ళారి రోడ్డు మీద నంది హిల్స్ వైపు వెళ్ళేవాళ్ళని పట్టుకోండి. 1478 మీటర్ల ఎత్తు కొండ ఎక్కి దిగి ఇడ్లీలు తింటూ కూర్చుంటారు, అప్పుడు ఎంతసేపైనా మాట్లాడతారు. వాళ్ళలోనూ బ్రెవేలు (గడువులోపు పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ ప్రయాణాలు) తొక్కేవాళ్ళ మాటకి నేను ఎక్కువ విలువిస్తాను. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో పూర్తి చేయాల్సినవాళ్ళు సైకిల్‌ని ఎవరి చేతిలో పడితే వాళ్ళ చేతిలో పెట్టరు. ప్రశ్న మాత్రం సరిగ్గా అడగండి. "మంచి షాపు ఏది?" అంటే కొన్నచోటు చెప్తారు. "మీ చక్రం బెండు ఎవరు తీశారు? బ్రేకు ఆయిల్ ఎవరు మార్చారు?" అంటే మనిషి పేరు చెప్తారు. మనకి కావలసింది అదే. షాపుల్లో మెకానిక్ కుర్రాళ్ళు ఒకచోట ఉండరు. రెండు వేలు ఎక్కువిస్తే పక్క షాపుకి వెళ్ళిపోతారు, కొందరు సొంతంగా పెట్టుకుంటారు. బోర్డు మాత్రం అలాగే మెరుస్తూ ఉంటుంది.

భాష గురించి టెన్షన్ వద్దు. కోలారు, అనంతపురం, చిత్తూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్ళు చాలామంది. చాలా కొట్లలో తెలుగు నడుస్తుంది. అయినా "ఎష్టాగుత్తె అణ్ణా" అని కన్నడలో మొదలుపెట్టండి, ఆయనే నవ్వి తెలుగులోకి దిగుతాడు. తెలుగువాడినని డిస్కౌంట్ అడగడం మాత్రం మానేయండి బాబూ, వినలేకపోతున్నా.

డబ్బు దగ్గర ఒక మాట. పార్టు ఆన్‌లైన్‌లో కొని తెచ్చి, బిగించడానికి యాభై రూపాయల కోసం బేరం ఆడేవాళ్ళని మెకానిక్‌లు బాగా గుర్తుపెట్టుకుంటారు. మీరు తెచ్చుకున్న పార్టు అయితే కూలి పూర్తిగా ఇవ్వండి. దానికి బదులుగా మీకూ కొన్ని హక్కులున్నాయి. పని మొదలుపెట్టక ముందే ఏమేం చేస్తారో చీటీ మీద రాయించుకోండి. తీసేసిన పాత పార్టులు కవర్లో వేసి ఇవ్వమనండి. డబ్బు కట్టేముందు సైకిల్ ఎక్కి ఆ వీధి చుట్టూ ఒక రౌండు వేయండి. రెండు బ్రేకులూ గట్టిగా పట్టి చూడండి, గేర్లన్నీ పైకీ కిందికీ వేయండి, చక్రాన్ని పట్టి ఉంచే క్విక్ రిలీజ్ మీట బిగిసి ఉందో లేదో చేత్తో చూసుకోండి. శని, ఆదివారాలు వద్దు, ఆ జనంలో ఎవరికీ మీ సైకిల్ వంక చూసే తీరిక ఉండదు. వారం మధ్యలో మధ్యాహ్నం పూట వెళ్తే మెకానిక్ పక్కన స్టూలు వేసుకుని కూర్చోనిస్తాడు. మొదటిసారే ఓవర్‌హాలింగ్ ఇవ్వకండి, ఒక చక్రం బెండు తీయమని ఇచ్చి చూడండి. ఇక్కడ వానలు జూన్‌లో మొదలై అక్టోబరు దాకా సాగుతాయి, ఆ బురద మొత్తం చైనులో చేరుతుంది, నవంబరు వచ్చేసరికి అన్ని షాపుల్లోనూ క్యూ ఉంటుంది. పెద్ద సర్వీసు చేయించేవాళ్ళు వానలు పూర్తిగా ఆగకముందే ఫోన్ చేసి తేదీ తీసుకోండి.