పాత బండిలో "టక్" చప్పుడు: ఎక్కడని కాదు, ఎప్పుడని వెతకాలి

హోస్ట్: నమస్కారం. ఈరోజు మనతో విజయవాడ ఆటోనగర్ నుంచి ఒక సీనియర్ మెకానిక్ ఉన్నారు. అన్నా, ఒక శ్రోత వాయిస్ మెసేజ్ పెట్టారు. పాత మారుతి ఆమ్నీ వ్యాన్. ఫస్ట్ గేర్‌లో కదలగానే కింద "టక్" అంటోందట. రివర్స్ నుంచి ఫస్ట్‌కి మారిస్తే ఇంకా గట్టిగా. షాక్ అబ్జార్బర్లు మార్పించినా తగ్గలేదట.

మెకానిక్: ఎలా తగ్గుతుంది తమ్ముడూ? షాక్‌లు పోతే గుంతల్లో చప్పుడు రావాలి. ఈయన గుంత ఊసే ఎత్తలేదు. బండి కదిలేటప్పుడు, ముందుకీ వెనక్కీ మారేటప్పుడు అంటున్నారు. అంటే ఇంజిన్ నుంచి చక్రం దాకా ఉన్న దారిలో ఏదో ఒక జాయింట్ అరిగి ప్లే, అంటే వదులు, వచ్చింది. లోడ్ అటు నుంచి ఇటు మారినప్పుడల్లా ఇనుముకి ఇనుము తగులుతోంది.

హోస్ట్: ఆమ్నీలో అయితే ముందు దేన్ని అనుమానిస్తారు?

మెకానిక్: ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్‌ని. ఆమ్నీకి ఇంజిన్ ముందు సీట్ల కింద ఉంటుంది, తోసేది మాత్రం వెనక చక్రాలు. ఆ రెంటికీ మధ్య షాఫ్ట్ ఉంటుంది, దాని చివర్లలో ఉండే జాయింట్లే క్రాస్‌లు. ఒక్కో క్రాస్‌కి నాలుగు కప్పులు, వాటిలో సూదుల్లాంటి సన్నని రోలర్లు. నీళ్లు దూరి గ్రీజు పోతే రోలర్లు తుప్పు పడతాయి. కప్పు అంచున ఎర్రటి పొడి కనబడిందంటే ఇంక ఆలోచించక్కర్లేదు, ఆ క్రాస్ మార్చాల్సిందే.

హోస్ట్: పొడి లేకపోతే?

మెకానిక్: చేత్తో తిప్పి చూడాలి. ఇంజిన్ ఆపి, చక్రాలకి అడ్డం పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరు న్యూట్రల్‌లో ఉంచాలి. క్రాస్‌కి అటొక చెయ్యి, ఇటొక చెయ్యి వేసి ఎదురెదురుగా తిప్పాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. షాఫ్ట్ మొత్తం కలిసి కొంచెం అటూ ఇటూ కదలడం మామూలే, వెనక ఇరుసులో ఉండే క్రౌన్ పినియన్ గేర్ల పళ్ల మధ్య ఆ మాత్రం సందు ఉండాలి. క్రాస్‌ని రెండువైపులా పట్టుకుని ఉండే యోక్‌లు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా కదిలితేనే క్రాస్ పోయినట్టు. ఇంకో మాట, దయచేసి వినండి. ఒట్టి జాకీ మీద నిలబెట్టిన బండి కిందకి ఎవరూ దూరొద్దు. స్టాండ్లు పెట్టండి, లేదా ర్యాంప్ ఉన్న షెడ్డుకి వెళ్లండి.

హోస్ట్: మారుతి 800 వాళ్లూ ఇదే చూడాలా?

మెకానిక్: కాదు, దానికి ప్రొపెల్లర్ షాఫ్టే లేదు. ఇంజిన్ ముందు చక్రాలనే తిప్పే బండి కాబట్టి సీవీ జాయింట్లు, అంటే గేర్‌బాక్స్ నుంచి ముందు చక్రాలకి వెళ్లే షాఫ్ట్‌ల చివర ఉండే జాయింట్లు, చూడాలి. ఖాళీ స్థలంలో స్టీరింగ్ పూర్తిగా ఒకవైపు తిప్పి, మెల్లగా యాక్సిలరేటర్ ఇస్తూ గుండ్రంగా తిప్పండి. "టకటకటక" అంటే చక్రం వైపున్న జాయింట్. ఎడమకి తిరిగితే వస్తోందంటే ఎక్కువసార్లు కుడివైపుది, ఎందుకంటే మలుపులో బరువు బయటి చక్రం మీద పడుతుంది. జాయింట్ మీది రబ్బర్ తొడుగు, అంటే బూట్, చిరిగి, చక్రం లోపలి వైపు గ్రీజు చిమ్మి ఉంటుంది. చప్పుడు మొదలవకముందే చిరుగు చూస్తే, కడిగి కొత్త గ్రీజు, కొత్త బూట్ వేస్తే జాయింట్ బతుకుతుంది. చప్పుడు మొదలయ్యాక బూట్ ఒక్కటే మార్చడం డబ్బు దండగ.

హోస్ట్: అసలు చప్పుడు ఇంజిన్‌దా, కిందదా అని ఎలా తెలుస్తుంది?

మెకానిక్: బండి ఆపి, న్యూట్రల్‌లో రేస్ చేయండి. అప్పుడూ వస్తే ఇంజిన్ వైపు చూడాలి. రాకపోతే ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా పోతూ క్లచ్ తొక్కండి. ఇంజిన్ మాత్రం ఆపొద్దు. క్లచ్ తొక్కగానే చప్పుడు పోతే లోడ్ మోసే భాగాలు: క్రాస్, సీవీ జాయింట్, ఇంజిన్ మౌంటింగ్. అప్పుడూ వస్తూ, చక్రం వేగంతో పెరిగి తగ్గుతోంటే చక్రాల దగ్గరే చూడాలి. 800 టైరు ఒక చుట్టుకి సుమారు 1.6 మీటర్లు పోతుంది. అంటే గంటకి 10 కిలోమీటర్ల వేగంలో సెకనుకి రెండు చుట్లకన్నా కొంచెం తక్కువ. ఆ లెక్కలో "టక్.. టక్.." అంటే అది చక్రంతో తిరిగేదే. మొదట వీల్ నట్లు బిగుతుగా ఉన్నాయో లేదో చూడండి, టైరు గాడిలో రాయి ఇరుక్కుందేమో చూడండి. పైసా ఖర్చు లేదు.

హోస్ట్: చెవికి ఎక్కడ వినబడితే అక్కడే ఉండాలి కదా?

మెకానిక్: అదే చిక్కు. రేకు బాడీలో చప్పుడు పాకుతుంది. వెనక క్రాస్ కొడితే డ్రైవర్ సీటు కిందే అనిపిస్తుంది. అందుకే నేను "ఎక్కడ వస్తోంది" అని అడగను, "ఏం చేస్తే వస్తోంది" అని అడుగుతాను. కస్టమర్ ఆ ఒక్కటి గమనించి చెబితే అనవసరంగా పార్టులు మార్చే పని తప్పుతుంది. సొమ్ము పోయేది వాళ్లదే, నాకు నిజంగా బాధగా ఉంటుంది.

హోస్ట్: మరి ఈ శ్రోత ఈ వారం బండి తిప్పొచ్చా?

మెకానిక్: టక్ ఒక్కటే అయితే మెల్లగా షెడ్డు దాకా రావచ్చు. వేగంలో కింద అదురు కూడా ఉంటే తీయొద్దు, క్రాస్ విరిగి షాఫ్ట్ రోడ్డు మీద పడితే ప్రాణాల మీదకి వస్తుంది. షాఫ్ట్ విప్పే ముందు దాన్ని బోల్టులతో బిగించే ఫ్లాంజ్ మీద పెయింట్‌తో గుర్తు పెట్టమని మెకానిక్‌కి చెప్పండి, తిరిగి అదే గుర్తుకి బిగించాలి. లేకపోతే క్రాస్ కొత్తదైనా అదురు మిగిలిపోవచ్చు.