టీకా వేయని జంతువుల గురించి

సభాధ్యక్షులకు, పెద్దలకు, యువ పరిశోధకులకు నమస్కారం. పశువులకూ మనుషులకూ సోకే ప్రాణాంతక వ్యాధి ఆంత్రాక్స్‌కు వేసే టీకాల పురోగతి గురించి మాట్లాడమని నన్ను పిలిచారు గాని, ఆ పురోగతికి సాక్ష్యంగా నిలిచిన టీకా వేయని జంతువుల గురించే ఎక్కువగా చెప్పాలనుకుంటున్నాను.

1881 మే నెలలో, ఫ్రాన్స్‌లోని పుయీ ల ఫోర్‌లో, పాశ్చర్ 24 గొర్రెలకు, ఒక మేకకు, 6 పశువులకు రెండు విడతలుగా టీకా వేశారు. మే 31న వాటితోపాటు, టీకా వేయని 24 గొర్రెలకు, ఒక మేకకు, 4 పశువులకు కూడా ప్రాణాంతకమైన ఆంత్రాక్స్ సూక్ష్మజీవులను ఎక్కించారు. జూన్ 2న జనం వచ్చేసరికి టీకా అందుకున్న గొర్రెలు నిలబడి ఉన్నాయి. టీకా అందని గొర్రెల్లో చాలా భాగం, మేకతో సహా, అప్పటికే చనిపోగా, మిగిలిన గొర్రెలు కూడా ఆ రోజు గడిచేలోగా కన్నుమూశాయి. ఆ 24 గొర్రెలూ ఆ మేకా చావకపోతే పాశ్చర్ మాట ఎవరు నమ్మేవారు?

ఊపిరితిత్తులకు సోకే ఆంత్రాక్స్ అరుదు, దాన్ని మనుషులకు ఎక్కించి చూడటం అన్యాయం. అందుకే అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2002లో ఇలాంటి చోట మందులను, టీకాలను జంతు ఫలితాల ఆధారంగా అనుమతించే నియమాన్ని తెచ్చింది. 2015లో బయోథ్రాక్స్ టీకాను, సూక్ష్మజీవులు సోకిన తరువాత యాంటీబయాటిక్‌లతో కలిపి వాడేందుకు, ఆ నియమం కిందనే అనుమతించింది. గినీపందుల్లో టీకా ఇచ్చే రక్షణ, ఎక్కించిన సూక్ష్మజీవి రకాన్నిబట్టి మారిపోతూ ఉండటంతో, కుందేళ్ల మీదా రీసస్ కోతుల మీదా ఎక్కువగా ఆధారపడవలసి వచ్చింది.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పక తప్పదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక ప్రయోగశాలలో, పోలిక కోసం టీకా వేయకుండా ఉంచే కంట్రోల్ కుందేళ్లను చూసుకునే పని నాది. రాత్రిపూట తనిఖీ లేదు. తెల్లవారి తలుపు తీసేసరికి అవి బోనుల్లో బిగుసుకుపోయి ఉండేవి. వాటికి ఊపిరి ఎప్పుడు అందకుండా పోయిందో, ఎంతసేపు కొట్టుకున్నాయో తెలిపే కాగితం ఒక్కటీ ఉండేది కాదు. నివేదికలో వాటికి దక్కినది ‘మరణించాయి’ అన్న ఒక్క మాటే. రాత్రి తనిఖీ పెట్టమని రాసి ఇచ్చాను, జవాబు రాలేదు.

మళ్లీ ఆ కుందేళ్ల దగ్గరికే వస్తున్నాను, మన్నించండి. లేవలేని స్థితికి చేరిన జంతువును నొప్పి తెలియకుండా చంపి, దానిని మరణంగానే లెక్కించవచ్చు. పైగా, ఆంత్రాక్స్ విషాన్ని అడ్డుకునే ప్రతిరక్షకాలు రక్తంలో ఎంత ఉన్నాయో కణాల మీద కొలిచే పరీక్ష ఇప్పుడు మన చేతిలో ఉంది, కుందేళ్లూ కోతులూ బతకడానికీ ఆ కొలతకూ పొంతన కనిపించింది. ఆ కొలతే జవాబు చెప్పగలిగిన చోట మరో గుంపును చంపడం ఎందుకు?

జంతు ప్రయోగాలకు అనుమతి ఇచ్చే నైతిక సంఘాల సభ్యులు ఈ సభలో ఉన్నారు, వారిని చేతులెత్తి అడుగుతున్నాను. రేపు మీ ముందుకు వచ్చే దరఖాస్తులో కంట్రోల్ జంతువులు ఎన్నో, అన్ని ఎందుకో, రాత్రి రెండు గంటలకు వాటిని చూసే మనిషి ఎవరో రాసి ఉన్నదా అని చూడండి. రాసి లేకపోతే సంతకం చేయకండి.